స్వాల్‌బార్డ్‌కు వీసా అక్కర్లేదా? అపోహలు - వాస్తవాలు

నార్వే ఉత్తర తీరానికి, అక్కడి నుంచి ఇంకా పైన ఉన్న స్వాల్‌బార్డ్ దీవులకు వెళ్లేవాళ్ల ప్రయాణాలు కుదర్చడం నా పని. ఫోను చేసేవాళ్లలో చాలామంది మొదలుపెట్టడమే “అక్కడికి వీసా అక్కర్లేదటగా!” అంటూ మొదలుపెడతారు. ఎవరో వీడియోలో చెప్పారట, ఎవరో ఫోనుకు పంపారట. ఈ ‘అట’లు వినీ వినీ విసిగి ఇది రాస్తున్నాను.

మాట అబద్ధమైతే ఒక్క ముక్కలో కొట్టిపారేయవచ్చు. సగం నిజం కాబట్టే ఇంత చిక్కు. 1920లో పారిస్‌లో కుదిరి 1925లో అమల్లోకి వచ్చిన స్వాల్‌బార్డ్ ఒప్పందం ఆ దీవులపై నార్వే అధికారాన్ని గుర్తిస్తూనే, ఒప్పందంలో చేరిన దేశాల పౌరులకు అక్కడ వృత్తి వ్యాపారాల్లో సమాన హక్కు ఇచ్చింది. స్వాల్‌బార్డ్‌లో అడుగు పెట్టడానికి నార్వే ఏ దేశస్థుణ్ణీ వీసా అడగదు. అంతవరకూ నిజమే. మరి అక్కడికి చేరేదెలా? ముఖ్య పట్టణం లాంగియర్‌బ్యెన్‌కు మామూలు ప్రయాణికుల విమానాలు ఓస్లో, ట్రోమ్సోల నుంచే బయలుదేరతాయి. ఆ రెండూ షెంజెన్ (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి) లోపల ఉన్నాయి, స్వాల్‌బార్డ్ షెంజెన్ బయట ఉంది. కాబట్టి భారత పాస్‌పోర్టుతో నార్వే మీదుగా వెళ్లేవాళ్లకు షెంజెన్ వీసా ఉండాల్సిందే.

అసలు దెబ్బ తగిలేది ఇక్కడ కూడా కాదు. వీసా తీసుకున్నవాళ్లకే తగులుతుంది. పాస్‌పోర్టులో అంటించిన వీసా చీటీ మీద ఎన్నిసార్లు ప్రవేశించవచ్చో చెప్పే గడి ఒకటి ఉంటుంది. అందులో 01 అని ఉంటే ఒక్కసారే. మీరు ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగినా, హెల్సింకిలో దిగినా ఆ ఒక్కసారీ అక్కడే ఖర్చయిపోతుంది. ఓస్లోలో లాంగియర్‌బ్యెన్ విమానం ఎక్కారంటే షెంజెన్ దాటి బయటికి వెళ్లినట్టే లెక్క. తిరిగి రావడం రెండో ప్రవేశం. వీసాకు ఇంకా ఎన్ని రోజుల గడువు మిగిలి ఉన్నా, 01 మీద ఆ రెండో ప్రవేశం ఉండదు. 02 గానీ, అంతకు మించి అనుమతించే వీసా గానీ కావాలి. “నార్వే నుంచి నార్వేకే కదండీ, దేశంలో తిరిగే విమానమే కదా” అంటారు. కాదు. ఓస్లో నుంచి వచ్చే విమానం ట్రోమ్సోలో ఆగితే అందరినీ చేతిసంచులతో సహా దించి, పాస్‌పోర్టు చూసి, మళ్లీ అదే విమానం ఎక్కిస్తారు. నార్వేవాళ్లు కూడా గుర్తింపు పత్రం చూపాల్సిందే.

కొత్తగా పెళ్లయిన జంట ఒకటి ట్రోమ్సో హోటల్లో కూర్చుని, తెల్లవారితే విమానం అనగా ఆ గడిని ఫోటో తీసి పంపింది. 01. లాంగియర్‌బ్యెన్‌లో గది, మంచుబండి విహారం, అన్నిటికీ ముందే డబ్బు కట్టేశారు. ఒక్క క్రోన్ వెనక్కి రాలేదు. దరఖాస్తు నింపిన ఏజెంటు తక్కువ ప్రవేశాలు అడిగితే వీసా తొందరగా వస్తుందన్నాడట! ఆ అమ్మాయి ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు. నార్వే ఉత్తరానే ఉన్న ఆల్టా ఊరి వైపు బస్సు ప్రయాణం కుదిర్చి పెట్టాను, కానీ వాళ్లు కలగన్న చోటు అది కాదు. దరఖాస్తులో రెండు ప్రవేశాలని గుర్తు పెట్టండి, దానితో ఇచ్చే లేఖలో స్వాల్‌బార్డ్ పేరు స్పష్టంగా రాయండి, రానూపోనూ టికెట్ల వివరాలు జతచేయండి. వీసా చేతికి రాగానే మీ ఫోటో బాగా వచ్చిందా అని కాదు, ఆ గడి చూడండి.

ఇదే సగం నిజానికి ఇంకో కొమ్మ ఉంది: “వీసా లేదు కాబట్టి వెళ్లి ఉద్యోగం వెతుక్కోవచ్చు, తరవాత నార్వేలో స్థిరపడవచ్చు.” అప్పు చేసి వెళ్దామనుకునే కుర్రాళ్లను చూస్తే జాలి, ఆశ పెట్టేవాళ్లను చూస్తే ఒళ్లుమంట. అక్కడ ఇళ్లు చాలావరకు ఉద్యోగంతో ముడిపడి ఉంటాయి, బయట అద్దెకు దొరకడం కష్టం. నార్వే సంక్షేమ పథకాలు అక్కడ చాలావరకు వర్తించవు. సొంతంగా బతకగలిగే స్తోమత లేనివాళ్లను గవర్నరు పంపించేయవచ్చు. అక్కడ ఎన్నేళ్లు గడిపినా నార్వే శాశ్వత నివాసం లెక్కలోకి రావు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. అక్కడ చనిపోవడం నేరమట! కాదు. ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల కాబట్టి శవపేటికలు పూడ్చడం 1950లోనే ఆపేశారు, అంతే. జూన్‌లో వెళ్తే అరోరా (రాత్రి ఆకాశంలో కనిపించే ధ్రువపు రంగుల వెలుగు) చూడవచ్చట! సుమారు ఏప్రిల్ 20 నుంచి ఆగస్టు 22 దాకా సూర్యుడే అస్తమించడు, ఇక అరోరా ఎక్కడిది? కారు అద్దెకు తీసుకుని దీవంతా తిరగవచ్చట! ఊరికీ ఊరికీ మధ్య రోడ్డే లేదు.

ధ్రువపు ఎలుగుబంట్ల సంగతి అంత తేలిగ్గా తీసేసేది కాదు. చదువుకోవడానికి స్వాల్‌బార్డ్ విశ్వవిద్యాలయ కేంద్రానికి వెళ్తున్న ఒక అమ్మాయి తల్లి, “బాబూ, మా పిల్ల చేత తుపాకీ పట్టిస్తారట, ఇదేం చదువు?” అని వణుకుతూ అడిగారు. అమ్మా, పట్టిస్తారు, అది మంచికే. బయటి పనులకు ముందు కాల్చడం, హిమానీనదం పగుళ్లలో ఎవరైనా పడిపోతే పైకి లాగడం నేర్పుతారు. ఊరు దాటితే ఎలుగును బెదిరించి తరిమే సాధనం వెంట ఉండాలన్నది చట్టం. గైడుతో వెళ్లే యాత్రికులకు ఆ బాధ్యత గైడే చూసుకుంటాడు. 2025 నుంచి ఎలుగుకు కనీసం 300 మీటర్ల దూరం పాటించాలి, మార్చి 1 నుంచి జూన్ 30 వరకు 500 మీటర్లు. ఫోటో కోసం దగ్గరికి తీసుకెళ్లమని గైడును బతిమాలకండి.

బీమా గురించి ఎవరూ అడగరు, నేనే చెప్పాలి. వీసా కోసం తీసుకునే 30,000 యూరోల పాలసీ షెంజెన్ దేశాల కోసం రాసినది. స్వాల్‌బార్డ్ షెంజెన్ కాదని పైన చెప్పాను కదా. లాంగియర్‌బ్యెన్‌లో ఉన్నది చిన్న ఆసుపత్రి, పెద్ద జబ్బయితే విమానంలో ట్రోమ్సోకు తరలిస్తారు. పాలసీలో స్వాల్‌బార్డ్ ఉందా, గాలింపు, తరలింపు ఖర్చులు వస్తాయా అని కంపెనీని అడిగి, జవాబు రాతలో తీసుకోండి.