సముద్రానికి దూరమైన ఊరు: అఫూంగి గ్యాస్ టెర్మినల్ నేపథ్యం

2025 నవంబరు మొదటి వారంలో ఆఫ్రికా తూర్పు తీరంలోని మొజాంబిక్ నుంచి ఒక వార్త వచ్చింది. ఆ దేశపు ఉత్తర కొసన అఫూంగి అనే చోట నాలుగున్నరేళ్లుగా ఆగిపోయిన గ్యాస్ ఎగుమతి టెర్మినల్ పనులను మళ్లీ మొదలుపెట్టడానికి ఫ్రెంచి కంపెనీ టోటల్ ఎనర్జీస్ సిద్ధమైంది. 2021లో ఆ కంపెనీ ‘ఫోర్స్ మజూర్’ ప్రకటించింది. మా చేతుల్లో లేని కారణాల వల్ల ఒప్పందం నిలబెట్టుకోలేకపోతున్నాం అని దాని అర్థం. ఇప్పుడు ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది.

హైదరాబాద్‌లో కూర్చుని చదివితే ఇది ఎక్కడో బిజినెస్ పేజీ వార్త. కానీ ఆ ప్రాజెక్టులో 30 శాతం వాటా మనది. మనది అంటే ఓఎన్‌జీసీ విదేశ్‌ది, భారత్ పెట్రోలియం అనుబంధ సంస్థది, ఆయిల్ ఇండియాది. మూడూ ప్రభుత్వ రంగ సంస్థలే. టోటల్ వాటా 26.5 శాతం. మొజాంబిక్ ప్రభుత్వ సంస్థ వాటా 15 శాతం. అంటే సొంత సముద్రం కింద దొరికిన గ్యాస్ ప్రాజెక్టులో ఆ దేశానికి ఉన్న వాటా కంటే మన వాటా రెండింతలు.

మొజాంబిక్‌తో మన బంధం ఇదొక్కటే కాదు. 2014లో అక్కడి బెంగా బొగ్గు గనిని కొన్న ఐసీవీఎల్ అనే ప్రభుత్వ రంగ ఉమ్మడి కంపెనీలో మన మాసబ్‌ట్యాంకులో హెడ్డాఫీసు ఉన్న గనుల సంస్థ ఎన్‌ఎండీసీ భాగస్వామి, విశాఖ ఉక్కు కూడా భాగస్వామి. 2016 జులైలో ప్రధాని అక్కడికి వెళ్లినప్పుడు కంది పంట దిగుమతికి ఒప్పందం జరిగింది. మొదటి ఏడాది లక్ష టన్నులు, తర్వాత పెంచుకుంటూ రెండు లక్షల టన్నుల దాకా. అక్కడి చిన్న రైతులు కందులు పండించేది ఎక్కువగా మన కోసమే. హైదరాబాద్ హోటల్లో ముద్దపప్పు వడ్డించుకుంటున్నప్పుడు అందులో కొంత ఆ నేలలో పండిందే అయి ఉండొచ్చు.

గ్యాస్ కథకు ముందు ఎల్‌ఎన్‌జీ అంటే ఏమిటో రెండు మాటలు. కూకట్‌పల్లి వైపు మా అపార్టుమెంటుకు వచ్చే పైపు గ్యాస్, ఆటోల్లో కొట్టించే సీఎన్‌జీ, అఫూంగి గ్యాస్ అన్నీ ప్రధానంగా మీథేనే. సిలిండర్‌లో వచ్చే ఎల్‌పీజీ వేరు. దాన్ని కొద్దిపాటి ఒత్తిడితో ద్రవంగా మార్చి సిలిండర్‌లో పెట్టేయొచ్చు. మీథేన్ అలా లొంగదు. సున్నా కంటే 162 డిగ్రీలు కిందికి చల్లబరిస్తే గానీ ద్రవం కాదు. ఆ ద్రవమే ఎల్‌ఎన్‌జీ. అయ్యాక మాత్రం పరిమాణం దాదాపు 600 వంతులు తగ్గిపోతుంది. అప్పుడే ఓడలో పోసి సముద్రాలు దాటించడం గిట్టుబాటవుతుంది.

కాబట్టి ఎగుమతి టెర్మినల్ అంటే ఓడలు ఆగే జెట్టీ ఒక్కటే కాదు, ఒక మహా శీతల కర్మాగారం. బావి నుంచి వచ్చిన గ్యాస్‌లోంచి నీరు, కార్బన్ డయాక్సైడ్, పాదరసం లాంటివి తీసేయాలి. లేకపోతే ఆ చలికి అవి గడ్డకట్టి పైపులను మూసేస్తాయి, లేదా తినేస్తాయి. తర్వాత ‘ట్రెయిన్’ అనే యంత్రాల వరుసలో దశలవారీగా చల్లబరచాలి. అఫూంగిలో అలాంటివి రెండు ట్రెయిన్లు తలపెట్టారు. రెండూ కలిపి ఏడాదికి దాదాపు 1.3 కోట్ల టన్నులు. ఇంత పెద్ద కర్మాగారానికి తీరంలోనే వేల ఎకరాల చదును నేల, లోతైన నీళ్లు, దగ్గర్లో గ్యాస్ కావాలి. అఫూంగిలో ఈ మూడూ ఉన్నాయి. అక్కడ ఊళ్లు కూడా ఉన్నాయి.

మొజాంబిక్ 1975లో పోర్చుగల్ నుంచి స్వాతంత్ర్యం తెచ్చుకుంది. రెండేళ్లు తిరక్కుండానే అంతర్యుద్ధంలో పడింది. అది 1992 దాకా సాగింది. ఉత్తరాన టాంజానియా సరిహద్దులో ఉన్న కాబో డెల్గాడో రాష్ట్రం రాజధాని మపుటోకు చాలా దూరం, ప్రభుత్వ సాయానికి ఇంకా దూరం. రోడ్లు తక్కువ, బడులు తక్కువ. తీరంలో చేపల వేట, లోపల కసావా (కర్రపెండలం), కొబ్బరి, జీడిమామిడి, ఇదీ బతుకు. 2010లో అమెరికా కంపెనీ అనడార్కో తీరానికి దూరంగా, లోతు సముద్రం అడుగున పెద్ద గ్యాస్ నిల్వ కనిపెట్టింది. మరుసటి ఏడాది ఇటలీ కంపెనీ ఎని పక్క బ్లాకులో, అంటే గ్యాస్ వెతకడానికి కేటాయించిన పక్క సముద్ర భాగంలో, ఇంకోటి కనిపెట్టింది. పదిహేనేళ్లలో మొజాంబిక్ మరో ఖతార్ అవుతుందన్న మాట మొదలైంది.

భారత్ పెట్రోలియం, వీడియోకాన్ అనడార్కో బ్లాకులోకి 2008లోనే చెరో పది శాతంతో వెళ్లాయి. గ్యాస్ పడ్డాక వాటాల ధర పెరిగింది. 2013లో కుదిరిన ఒప్పందాలతో ఓఎన్‌జీసీ విదేశ్, ఆయిల్ ఇండియా కలిసి వీడియోకాన్ వాటాను 247.5 కోట్ల డాలర్లకు కొన్నాయి. ఓఎన్‌జీసీ విదేశ్ అనడార్కో నుంచి మరో పది శాతాన్ని 264 కోట్ల డాలర్లకు తీసుకుంది. రెండూ కలిపితే 500 కోట్ల డాలర్ల పైమాటే. ఆ మరుసటి ఏడాదే ప్రపంచ మార్కెట్‌లో చమురు ధర కూలింది.

ఆ 2013లోనే మొజాంబిక్‌లో ఇంకో పని రహస్యంగా జరుగుతోంది. గ్యాస్ డబ్బు ఎలాగూ వస్తుందన్న ధీమాతో ప్రభుత్వ పెద్దలు మూడు కొత్త కంపెనీల పేరిట దాదాపు 200 కోట్ల డాలర్లు అప్పు తెచ్చారు. టూనా చేపల వేట పడవలు, తీర రక్షణ బోట్లు కొంటామన్నారు. అందులో ఎక్కువ భాగం పార్లమెంటుకు గానీ, అంతర్జాతీయ ద్రవ్యనిధికి గానీ చెప్పలేదు. అప్పు ఇప్పించిన బ్యాంకుల్లో క్రెడిట్ స్వీస్ ఒకటి. 2016లో గుట్టు బయటపడింది. ద్రవ్యనిధి, దాతలు సాయం ఆపేశారు. దేశపు కరెన్సీ మెటికల్ విలువ పడిపోయింది, ధరలు మండాయి, ప్రభుత్వం అప్పుల కిస్తీలు కట్టలేకపోయింది. అప్పట్లో ఆర్థిక మంత్రిగా ఉన్న మాన్యుయెల్ చాంగ్‌కు 2025 జనవరిలో న్యూయార్క్ కోర్టు ఎనిమిదిన్నరేళ్ల జైలు శిక్ష వేసింది. 2016లో గుట్టు బయటపడేనాటికి సముద్రం అడుగునుంచి ఒక్క ఘనపు మీటరు గ్యాస్ కూడా అమ్మకానికి రాలేదు. రాని గ్యాస్ మీద తెచ్చిన అప్పును మాత్రం అక్కడి మామూలు జనం ఇంకా మోస్తున్నారు.

తెలుగువాళ్లకు ఇది కొత్త కథ కాదు. కేజీ బేసిన్ డీ6 గ్యాస్ 2009 ఏప్రిల్‌లో కాకినాడ తీరానికి చేరింది. కాకినాడ నుంచి హైదరాబాద్ మీదుగా గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల పైపులైన్ పడింది. ఆ గ్యాస్‌ను నమ్ముకుని గోదావరి జిల్లాల్లో వరసగా విద్యుత్ ప్లాంట్లు లేచాయి. కొన్నింటిని హైదరాబాద్ కంపెనీలే వేల కోట్ల బ్యాంకు అప్పులతో కట్టాయి. 2011 నుంచి ఉత్పత్తి పడిపోతూ వచ్చింది. 2013 నాటికి ఆ ప్లాంట్లకు డీ6 గ్యాస్ ఆగిపోయింది. కొత్త టర్బైన్లు ఊరికే నిలబడ్డాయి, అప్పులు మొండి బాకీల ఖాతాకు చేరాయి.

నాకు ఇందులో ఇంకో బాధ ఉంది. అమలాపురం దగ్గర మా అమ్మమ్మగారి ఊరు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో బ్లోఅవుట్ అయింది, అంటే గ్యాస్ అదుపు తప్పి పైకి ఎగదన్నింది. ఆ మంట 65 రోజులు ఆరలేదు. సంక్రాంతికి వెళ్లిన మేము రాత్రిళ్లు డాబా మీద నిలబడి అటు ఎర్రగా వెలుగుతున్న ఆకాశం చూసేవాళ్లం. పెద్దవాళ్లు నిద్రపోయేవారు కాదు. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు, నిద్రలో ఉన్నవాళ్లు ఉన్నట్టే కాలిపోయారు. అందుకే గ్యాస్ తీరం అనే మాట వినగానే నాకు ముందు అక్కడి ఇళ్లు గుర్తొస్తాయి.

అఫూంగిలో టెర్మినల్ కోసం దాదాపు 7,000 హెక్టార్ల మీద హక్కు ఇచ్చారు. మొజాంబిక్‌లో భూమి మొత్తం ప్రభుత్వానిదే, జనానికి ఉండేది వాడుకునే హక్కు. తరతరాలుగా దున్నుకుంటుంటే కాగితం లేకపోయినా ఆ హక్కు చట్టం ప్రకారం చెల్లుతుంది. అయినా ప్రాజెక్టు వస్తే లేచి వెళ్లాల్సిందే. 550కి పైగా కుటుంబాలను తరలించాలని లెక్క తేల్చారు. సముద్రం పక్కనున్న కిటూపో ఊరివాళ్ల కోసం లోపలి వైపు కిటూండా అనే కొత్త ఊరు కట్టారు. సిమెంటు ఇళ్లు, బడి, ఆరోగ్య కేంద్రం ఉన్నాయి. ఇళ్లు బాగానే ఉన్నాయని అక్కడివాళ్లే అంటారు. కానీ సముద్రం కిలోమీటర్ల దూరం జరిగిపోయింది. ఆటుపోట్లను బట్టి అర్ధరాత్రి లేచి పడవ తీసే మనిషికి అది ఎంత కష్టమో ఉప్పాడ వాళ్లనడిగినా చెబుతారు. పోటు తగ్గినప్పుడు ఒడ్డున గవ్వలు, పీతలు ఏరుకుని ఇల్లు నడిపే ఆడవాళ్ల సంపాదన పరిహారం లెక్కల్లోకి సరిగ్గా రానే లేదు. ఇక పొలానికి బదులు పొలం ఇస్తామన్న మాట. ఆ భూమి చాలా కుటుంబాలకు ఏళ్ల తరబడి అందలేదు. ఇచ్చే నేల అప్పటికే పక్క ఊరివాళ్లు సాగు చేసుకుంటున్నది కావడంతో కొత్త తగాదాలు మొదలయ్యాయి.

ఈలోగా 2017 అక్టోబరు 5న, అఫూంగికి దక్షిణాన ఉన్న మొసింబోవా ద ప్రాయా పట్నంలో సాయుధ మూక పోలీసు స్టేషన్ల మీద పడింది. తర్వాత వాళ్లు ఇస్లామిక్ స్టేట్‌తో కలిశారు. దీన్ని మతోన్మాదం అని ఒక్క మాటలో తేల్చేస్తే సగం కథ పోతుంది. కెంపు రాళ్ల గనుల నుంచి గెంటేసిన కుర్రాళ్లు, బయటివాళ్లకే ఉద్యోగాలు వస్తున్నాయన్న కోపం, లంచాల పోలీసులు, అందకుండా పోయిన భూములు... ఇవన్నీ ఆ మూకకు మనుషులను సమకూర్చాయి. ఆ హింసలో ఊళ్లు వదిలి పారిపోయినవాళ్లు దాదాపు పది లక్షల మంది.

అయినా ప్రాజెక్టు ఆగలేదు. 2019 ఏప్రిల్‌లో కెన్నెత్ తుపాను కాబో డెల్గాడోను చితక్కొట్టింది. రెండు నెలలకే, జూన్‌లో, పెట్టుబడికి తుది నిర్ణయం తీసుకున్నారు. అంచనా వ్యయం సుమారు 2,000 కోట్ల డాలర్లు. కట్టకముందే సరుకులో చాలా భాగం దీర్ఘకాలిక ఒప్పందాల్లో అమ్ముడైపోయింది. జపాన్, చైనా, ఫ్రాన్స్, ఇండోనేషియా కొనుగోలుదార్లతో పాటు భారత్ పెట్రోలియం కూడా ఏడాదికి పది లక్షల టన్నులకు సంతకం చేసింది. ఆ ఏడాదే అనడార్కో వాటా టోటల్ చేతికి వచ్చింది.

2021 మార్చి 24న పాల్మా పట్నం మీద దాడి జరిగింది. టెర్మినల్ స్థలం అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. దగ్గర్లోని అమారూలా హోటల్లో దాదాపు రెండొందల మంది చిక్కుకున్నారు. రెండు రోజులు చూసి వాహనాల్లో బయల్దేరితే దారిలో కాపు కాసి కాల్చారు. చనిపోయినవాళ్లు పదుల్లోనే అని ప్రభుత్వం చెప్పింది. తర్వాత ఒక విలేకరి ఇంటింటి సర్వే చేయించి వెయ్యికి పైగా అని తేల్చారు. టోటల్ తన మనుషులను వెనక్కి రప్పించి ఏప్రిల్ 26న ఫోర్స్ మజూర్ ప్రకటించింది. జులైలో రువాండా సైన్యం దిగింది, ఆగస్టులో మూక ఆక్రమించుకున్న మొసింబోవా పట్నం తిరిగి ప్రభుత్వం చేతికొచ్చింది. 2021లో టెర్మినల్ గేటు దగ్గర మొజాంబిక్ సైనికులు పల్లెజనాన్ని కంటైనర్లలో నిర్బంధించి చంపారన్న ఆరోపణ 2024లో బయటికొచ్చింది. తమకు అలాంటి సంగతి తెలియదని కంపెనీ అంది. ఆ గేటు లోపలి ఆస్తిలో మన దేశానికీ వాటా ఉంది కాబట్టి ఈ ఆరోపణ నిజమో కాదో తేలాలని మనమూ పట్టుబట్టాలని నా అభిప్రాయం.

ఇదే సముద్రంలో ఇంకో దారి కూడా ఉందని ఎని చూపించింది. కొరియాలో తేలే కర్మాగారాన్ని కట్టించి తెచ్చి గ్యాస్ బావుల మీదే లంగరు వేసింది. 2022 నవంబరులో అక్కడి నుంచి మొదటి ఓడ బయల్దేరింది. ఏడాదికి 34 లక్షల టన్నులే, కానీ ఒడ్డున ఒక్క ఊరినీ లేపలేదు. ఒడ్డున ఎక్కువ ఉద్యోగాలూ ఇవ్వలేదు. ఏది మేలు అన్నది తేలిగ్గా చెప్పలేను.

ఇప్పుడు అఫూంగి నుంచి మొదటి సరుకు 2029లో వస్తుందని కంపెనీ అంటోంది. ఆగిన కాలానికి ఖర్చు మరో 450 కోట్ల డాలర్లు పెరిగిందని మొజాంబిక్ ప్రభుత్వానికి లెక్క చెప్పింది. భారత్ పెట్రోలియం వాటా ఓడలు వచ్చినా కాకినాడకు రావు. ఆంధ్ర తీరంలో దిగుమతి టెర్మినల్ కడతామని కాకినాడలో, గంగవరంలో ప్రతిపాదనలు వచ్చాయి గానీ ఏదీ ఓడను దింపుకునే దాకా రాలేదు. ఆ గ్యాస్ గుజరాత్‌లోని దహేజ్ లాంటి చోట దిగి పైపుల్లో కలిసిపోతుంది.

ఓఎన్‌జీసీ విదేశ్ సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. పోయిన వారం పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చేసి దరఖాస్తు పంపాను. రెండే ప్రశ్నలు రాశాను. కిటూండాకు తరలించిన కుటుంబాల్లో పొలానికి పొలం పూర్తిగా అందినవి ఎన్ని? వేటకు వెళ్లేవాళ్లు ఇప్పుడు సముద్రం దగ్గరికి ఏ దారిన, ఏ బండి మీద వెళ్తున్నారు?