మోకాలు లోపలికెందుకు పోతాది?

మొన్న శ్రీకాకుళంలో మా మేనకోడలి కబడ్డీ ప్రాక్టీస్ చూడ్డానికెళ్ళా. దాని జట్టులో ఒక పిల్ల గెంతి దిగినప్పుడల్లా రెండు మోకాళ్ళూ లోపలికొచ్చి రాసుకుంటున్నాయి. ఎడం చీలమండకి నల్లతాడు కూడా ఉంది, దిష్టి తగిలి మోకాలు నొప్పెడతందని వాళ్ళమ్మ కట్టిందట. కోచ్‌నడిగితే "ఆడగుంటలకి తుంటి వెడల్పు బాబూ, దేవుడలా సేసేడు, ఏటి సేస్తాం" అనేశాడు. నాకైతే తాడుకీ ఈ మాటకీ పెద్ద తేడా కనపళ్ళేదు.

తుంటి మాట పూర్తి అబద్ధమేం కాదులెండి. తుంటి నుంచి మోకాలిచిప్పకి వచ్చే గీతకీ, చిప్ప నుంచి కింది ఎముకకి పోయే గీతకీ మధ్య వంపుని క్యూ యాంగిల్ అంటారు, మగాళ్ళకి సుమారు 12-14 డిగ్రీలు, ఆడాళ్ళకి 15-17. కానీ ఆ రెండు మూడు డిగ్రీలు చూసి ఎవరి మోకాలు పోతుందో చెప్పలేం.

మా తాతగారింట్లో వీధితలుపు ఉండేది, కిర్రుమనేది, మూతపడేది కాదు. మేం బందులకి కొబ్బరినూనె రాసీవాళ్ళం. ఓసారి వడ్రంగి వచ్చి బందుల్ని ముట్టుకోనే లేదు, ద్వారబంధం ఒరిగిందని దాని పక్కన చిన్న చెక్కముక్క దిగ్గొట్టి పోయాడు, తలుపు దారికొచ్చింది. మోకాలు ఆ బందే. మడిచి చాపడమే దాని పని, మెలితిప్పితే ఊరుకోదు. తుంటి పైకమ్మి, పాదం గడప. పిర్ర పక్కనుండే గ్లూటియస్ మీడియస్ కండరం సరిగ్గా పట్టుకోకపోతే ఒంటికాలి మీద దిగగానే తొడ లోపలికి వాలి లోపలికే తిరుగుతుంది, అరికాలు చదునైపోతే గడప కూడా కుంగినట్టే, ఇంక మధ్యలో బందు ఎటుపోతుంది చెప్పండి. ఆ బందులో మేకు ఏసీఎల్ లిగమెంట్, అంటే మోకాలి లోపల తొడ ఎముకనీ కింది ఎముకనీ కలిపి పట్టుకునే గట్టి పట్టీ. పైగా మోకాలు తిన్నగా పెట్టి దిగితే తొడ ముందరి క్వాడ్రిసెప్స్ కండరం కింది ఎముకని ముందుకి లాగుతుంది, ఆ లాగుడంతా మేకు మీదే పడుతుంది, తొడ వెనక ఉండే హామ్‌స్ట్రింగ్స్ కండరాలు వెనక్కి లాగితేనే దానికి ఊపిరి.

ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌లో ఆడవాళ్ళకి ఏసీఎల్ తెగడం మగవాళ్ళ కన్నా రెండు రెట్లు, ఇంకా ఎక్కువే. ఈడు రాకముందు ఆ తేడా పెద్దగా ఉండదు. ఆ వయసులో మగపిల్లలకి టెస్టోస్టెరాన్‌తో కండ పెరుగుతుంది, ఆడపిల్లలకి ఎత్తూ బరువూ పెరిగినంతగా బలం పెరగదు. తలుపు బరువెక్కింది, ద్వారబంధం పాతదే. కండ సరిపోకపోతే మగపిల్లాడి మోకాలైనా అలాగే పోతుంది.

మన ఆమదాలవలస దగ్గర వూసవానిపేట కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో, బరువుని ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి లేపే క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తింది, కాంస్యం తెచ్చింది. ఆవిడదీ ఆడవాళ్ళ తుంటే కదా!

అలాగని ఒట్టి బలం పెంచితే చాలదు, గెంతి దిగే తీరు విడిగా నేర్పాలి. ఆ పిల్లకి ఫోన్‌లో వీడియో తీసి చూపించా, మోకాళ్ళు మడిచి, బొటనవేళ్ళ వైపు కాకుండా మధ్యవేళ్ళ వైపు చూసేట్టు పెట్టి, చప్పుడు రాకుండా దిగమన్నా. పదోసారికి రెండు మోకాళ్ళ మధ్య నా చెప్పు పట్టేంత ఖాళీ వచ్చింది. ఎడంది మాత్రం అలిసిపోతే మళ్ళీ లోపలికే పోతోంది.