రైతు బజార్ గేటు దగ్గర ఆ రేట్ల బోర్డు ఎలా వచ్చింది?

మొన్న ఆదివారం పొద్దున్నే మెహదీపట్నం రైతు బజార్‌కి వెళ్లా, చాలా ఏళ్ల తర్వాత. ఈమధ్య కూరగాయలు కూడా ఫోన్‌లోనే ఆర్డర్ పెట్టేయడం అలవాటైపోయింది, మొన్నోసారి వచ్చిన బెండకాయలు సగం ముదిరిపోయి ఉండేసరికి విసుగొచ్చి సంచి పట్టుకుని బయల్దేరా. లోపల ఒక పెద్దావిడ తడి గోనెపట్టా మీద ఆకుకూరలు పరుచుకుని కూర్చుంది, గోంగూర ఎంతమ్మా అంటే "పుంటికూరనా బిడ్డా, పొద్దుగాల మూడింటికి లేసి పీకినం" అంది. కట్ట చేతిలోకి తీసుకుంటే వేర్లకి మట్టి ఇంకా తడిగానే ఉంది. డబ్బులిచ్చాక రెండు రెబ్బల కొత్తిమీర కొసరుగా సంచిలో వేసింది. ఆమె చెప్పిన రేటు, గేటు దగ్గర బోర్డు మీద రాసిన రేటు ఒకటే. రైతు బజార్ వల్ల లాభం ఏంటి అని ఎవరైనా అడిగితే నేను ముందు ఆ బోర్డునే చూపిస్తా, ఎందుకంటే అది రావడానికి చాలా కాలం పట్టింది.

మన ఊళ్లల్లో వారం సంతలు ఎప్పట్నించో ఉన్నాయి, సంతపేట అనే పేరు ఎన్ని ఊళ్లకి ఉందో మీకే తెలుసు. అక్కడ పండించినోడు, తినేటోడు ఎదురెదురుగా నిలబడి బేరమాడుకునేవాళ్లు. పట్నాలు పెరిగి సరుకు లారీల్లో మండీకి రావడం మొదలయ్యాక మధ్యలోకి కమిషన్ ఏజెంట్ వచ్చాడు. విత్తనాలకీ మందులకీ ముందే అప్పిచ్చేది ఆయనే, కాబట్టి పంట ఆయన దగ్గరికే తేవాలి, రేటు కూడా ఆయన చెప్పిందే. పైగా కమిషన్, హమాలీ, తరుగు అన్నీ పోగా చేతికి ఎంతొస్తుందో చీటీ చూస్తేగానీ తెలీదు. పత్తో మిర్చో అయితే రేటు లేనప్పుడు కొన్నాళ్లు దాచుకోవచ్చు, టమాటా, తోటకూర ఎక్కడ దాస్తాం చెప్పండి, సాయంత్రానికి వాడిపోతాయి. అందుకే కూరగాయల రైతు ఎంతకంటే అంతకి ఇచ్చేసి ఖాళీ బుట్టలతో ఇంటికి పోవాల్సి వచ్చేది, అదే సరుకు సాయంత్రం మన వీధిలో రెండింతలు మూడింతలు పలికేది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. నిజాం కాలంలో హైదరాబాద్‌కి 1930లో వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది, అటు మద్రాస్ ప్రెసిడెన్సీలో 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం, ఆ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 1966లో ఒకటి. వీటితో మార్కెట్ యార్డులు, కమిటీలు వచ్చాయి, కానీ రైతు యార్డు దాకే, వంటింటి మనిషి అతనికి కనపడలేదు.

నేరుగా అమ్ముకునే ఏర్పాటు ప్రభుత్వమే చేయడం అనేది ముందు 1987లో పంజాబ్‌లో 'అప్నీ మండీ' పేరుతో జరిగింది. తర్వాత 1998లో ఉల్లిగడ్డ రేటు దేశమంతా మంట పుట్టించింది, ఆ ఏడాది ఢిల్లీ రాష్ట్ర ప్రభుత్వం మారడానికి ఉల్లి కూడా ఒక కారణమని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వేడి చల్లారకముందే, 1999 జనవరి 26న చంద్రబాబు ప్రభుత్వం ఇక్కడ రైతు బజార్లు మొదలుపెట్టింది. అదే ఏడాది నవంబర్‌లో తమిళనాడులో కరుణానిధి ప్రభుత్వం మధురైలో 'ఉళవర్ సందై' తెరిచింది, మనవాటిని చూసే.

పద్ధతి చూడ్డానికి సింపుల్‌గానే ఉంటుంది. ఊళ్లో ఎవరు ఏ పంట ఎంత వేశారో రెవెన్యూ, ఉద్యానశాఖ వాళ్లు చూసి ఫోటో ఉన్న కార్డు ఇస్తారు, స్టాల్‌కి అద్దె లేదు, తూకానికి కాటా అక్కడే ఇస్తారు, ఆర్టీసీ బస్సుల్లో బుట్టలు తెచ్చుకునే వీలు కూడా కల్పించారు. రోజూ పొద్దున హోల్‌సేల్ రేటు కనుక్కుని దానికంటే సుమారు 25 శాతం పైన, బయట రిటైల్‌కంటే అంతే కిందకి ఉండేలా రేటు కట్టి, బజార్ చూసుకునే ఎస్టేట్ ఆఫీసర్ బోర్డు మీద రాయిస్తారు. అంటే ఆ పెద్దావిడకి మండీలో కంటే నాలుగు డబ్బులు ఎక్కువే, నాకూ బండి దగ్గర కొన్నదానికంటే తక్కువే, ఎవరూ ఎవర్నీ దబాయించక్కర్లేదు. ఉల్లి, ఆలుగడ్డ లాంటివి చుట్టుపక్కల పెద్దగా పండవు కాబట్టి వాటిని వేరే వాళ్లకి, డ్వాక్రా గ్రూపులకి అప్పగిస్తుంటారు. ధరలు పేలిపోయినప్పుడు ప్రభుత్వానికి గుర్తొచ్చేది కూడా ఈ చోటే, 2023 జులైలో టమాటా కొనలేని రేటుకి పోయినప్పుడు ఏపీలో రైతు బజార్లలోనే కిలో 50 రూపాయలకి అమ్మారు, 2024 జులైలో కందిపప్పు 160కి ఇచ్చింది కూడా వీటిల్లోనే.

లోపాలు లేవని నేను అనను. కార్డు ఒకరిది, కూర్చునేది ఇంకొకరు అన్న ఫిర్యాదు మొదట్నించీ ఉంది, పొద్దున మండీలో కొని పది గంటలకి రైతునని కూర్చునే దళారీలు కొన్నిచోట్ల చేరిపోయారు, అలాంటి చోట బోర్డు ఒకటి చెప్తుంది మనిషి ఒకటి చెప్తాడు. పంట మారినప్పుడల్లా పొలానికి వెళ్లి కార్డులు సరిచూడాల్సిన పని ఎక్కడ వదిలేస్తే అక్కడ ఇది జరుగుతుంది. ఆ పెద్దావిడ మాత్రం అడక్కుండానే కొంగుముడి విప్పి కార్డు చూపించింది, మూలలు నలిగి, ఫోటో సగం చెరిగిపోయి ఉంది, ఊరిపేరు కింద ఆకుకూరలు అని ఇంకా చదవొస్తోంది.