లెక్కలోకి రాని ఉద్యోగులు

జనాభాతో పోలిస్తే ప్రభుత్వ ఉద్యోగులు ఎక్కువయ్యారా, తక్కువయ్యారా అన్న వాదన తెలుగు రాష్ట్రాల్లో మళ్లీ రాజుకుంది. ముల్కీ, 610 జీవో గొడవలు అందరికీ తెలిసినవే. అవి ఉద్యోగం ఏ ప్రాంతంవాళ్లకు అన్న తగాదాలు. అసలు ఉద్యోగులు ఎంతమంది అన్న లెక్క మాత్రం 1994లో చెడింది.

ఆ ఏడాది కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం ప్రభుత్వ నియామకాలను కట్టడి చేసే చట్టం, యాక్ట్ 2 తెచ్చింది. రోజుకూలీ మీద నియామకాలు వద్దంది. మంజూరైన పోస్టు లేకుండా ఎవర్నీ పెట్టుకోకూడదంది. 1993 నవంబరు 25కి ఐదేళ్ల సర్వీసు నిండినవారినే క్రమబద్ధీకరిస్తామని 212 జీవో వచ్చింది. ఒక్క నెల తక్కువైనా గడప బయటే. జీతాల భారం మోయలేం, దొడ్డిదారి నియామకాలు ఆపాలి అన్నది సర్కారు మాట. అందులో కొంత నిజముంది.

కానీ పని ఆగుతుందా? ఆస్పత్రిలో వార్డు ఊడవాలి, పట్నంలో చెత్త ఎత్తాలి, ఆఫీసులో కంప్యూటర్ ముందు ఎవరో ఒకరు కూర్చోవాలి. అందుకని కాంట్రాక్టు వచ్చింది, ఏజెన్సీల ఔట్‌సోర్సింగ్ వచ్చింది. డబ్బు ఖజానాదే, పని సర్కారుదే, మనిషి మాత్రం ఉద్యోగుల జాబితాలో ఉండడు. పీఎఫ్ కట్టారో లేదో ఏజెన్సీని బతిమాలి తెలుసుకోవాలి. ఏజెన్సీల బదులు ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషన్ పెట్టినా వాళ్ల పేరు ఔట్‌సోర్సింగే.

తెలంగాణలో ఉద్యోగుల జీతాల సవరణకు వేసిన బిస్వాల్ పీఆర్సీ 2020 చివర్లో ఇచ్చిన నివేదిక లెక్కలు చూడండి. మంజూరైన పోస్టులు 4,91,304. అప్పటికి పనిచేస్తున్నవారు 3,00,178. 2011 జనాభా సుమారు మూడున్నర కోట్లు. అంటే వెయ్యి మందికి 14 పోస్టులున్నా, కుర్చీల్లో ఉన్నది తొమ్మిది మంది లోపే. 'ఎక్కువయ్యారు' అనేవాళ్లు ఈ సంఖ్య దగ్గర కాసేపు ఆగాలి. 2022 మార్చిలో 80,039 పోస్టులు నింపుతామన్నారు. సరిగ్గా ఏడాదికి గ్రూప్-1 పేపర్ లీకైన సంగతి బయటపడింది.

ఆంధ్రప్రదేశ్‌ది వేరే దారి. 2019 అక్టోబరు 2న గ్రామాల్లో 2,000 జనాభాకు ఒకటి చొప్పున సచివాలయాలు మొదలయ్యాయి. లక్షకు పైగా పర్మనెంట్ పోస్టులు. 2025లో ఒక్కో సచివాలయానికి ఎంతమంది ఉద్యోగులన్నదానికి కొత్త కొలత వచ్చింది: జనాభా 2,500 లోపైతే ఆరుగురు, 3,500 వరకు ఏడుగురు, ఆపైన ఎనిమిది మంది. మిగిలినవారిని వేరే శాఖలకు సర్దుతామన్నారు. ఆ శాఖల్లో ఏళ్లుగా అవే పనులు చేస్తున్న ఔట్‌సోర్సింగ్ వాళ్లకు తమ పని పోతుందేమోనని ఇప్పుడు టెన్షన్.