వెలుగు తగిలితే అణువు విరిగిపోతుందా? లేజర్ ల్యాబ్ నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

ద్రావణంలో ఉన్న అణువు మీద వెలుగు పడ్డాక మొదటి కొన్ని పికోసెకన్లలో ఏం జరుగుతుందో చూడటం నా పని. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. సెలవులకు నెల్లూరు దగ్గర మా ఇందుకూరుపేట వెళ్తే రొయ్యల గుంటల దగ్గర మామయ్య వదలడు. "ఏందబ్బయా, వెలుగుతో మందులు విరగ్గొడతావంట గదా, మా బ్లీచింగ్ సంగతేందో చెప్పు" అంటాడు. అక్కణ్నించే మొదలెడతా.

అపోహ: గుంట నీళ్లలో క్రిములు చావాలని పగలు చల్లిన బ్లీచింగ్ ఎండ వేడికి ఆవిరైపోతుంది.

వేడికీ కొంత వాటా ఉంది గానీ, అసలు దొంగ అతినీలలోహిత కాంతి. పీహెచ్ 8 దగ్గరుండే గుంట నీళ్లలో బ్లీచింగ్‌లోని క్లోరిన్ ఎక్కువగా హైపోక్లోరైట్ అయాన్‌గా ఉంటుంది. అది 292 నానోమీటర్ల దగ్గర కాంతిని బాగా పీల్చుకుంటుంది. మన ఎండలో ఉండే అతినీలలోహితాన్ని కూడా కొంత పట్టుకుంటుంది. అందుకే చలికాలం మధ్యాహ్నం కూడా మందు పోతుంది. ఎర్ర లైటు ఎంత పెద్దది వేసినా ఆ అయాన్‌కు పట్టదు. సాయంత్రం పూట చల్లాలని మామయ్యోళ్లకు ఎవరూ స్పెక్ట్రమ్ (ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే గ్రాఫు) చూపించి చెప్పలేదు, చూసి చూసి నేర్చుకున్నారు.

అపోహ: వెలుగును పీల్చుకున్న ప్రతి అణువూ ముక్కలైపోతుంది.

చదువుకున్నవాళ్లు కూడా పడే పొరపాటు ఇది. రొట్టెల పండగ రోజు నెల్లూరు స్వర్ణాల చెరువులో నిలబడ్డారా ఎప్పుడైనా? ఆ జనంలో చెయ్యి జారిన ఇద్దరు ఎంత దూరం పోగలరు? చుట్టూ ఉన్నవాళ్లే మళ్లీ ఒకరి మీదికి ఒకరిని తోస్తారు. ద్రావణంలోనూ అంతే. అయొడిన్ అణువును ఆవిరిలో విరగ్గొడితే రెండు పరమాణువులూ చెరోవైపు ఎగిరిపోతాయి. అదే కార్బన్ టెట్రాక్లోరైడ్‌లో అయితే చుట్టూ ఉన్న ద్రావణి అణువులు పంజరంలా అడ్డుపడతాయి, చాలా జతలు కొద్ది పికోసెకన్లలోనే మళ్లీ కలుస్తాయి. కలిసిన అణువు ఊగిపోతూ వేడిగా ఉంటుంది. ఆ వేడిని ద్రావణికి ఇచ్చి కుదుటపడటానికి వంద పికోసెకన్ల స్థాయిలో పడుతుంది. ఈ పంజరం ఊహ శాస్త్రవేత్తలు జేమ్స్ ఫ్రాంక్, యూజీన్ రాబినోవిచ్ 1934లో చెప్పిందే. కళ్లారా చూసే లేజర్లు తర్వాతెప్పటికో వచ్చాయి. సీసాలో గంట తర్వాత కొలిచేది పంజరం దాటి తప్పించుకున్నవాళ్ల లెక్క మాత్రమే. విరిగి, కలిసి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నవాళ్లు అందులో కనిపించరు.

అపోహ: మీ దగ్గర ఫెమ్టోసెకన్ల కెమెరా ఉంటుంది.

లేదు. ఫెమ్టోసెకను అంటే పికోసెకనులో వెయ్యో వంతు. అంత వేగంగా పనిచేసే డిటెక్టర్ మా దగ్గర లేదు. ఒక లేజర్ పల్స్ (క్షణంలో వచ్చి ఆగే మెరుపు) అణువులను రెచ్చగొడుతుంది, రెండోది కాస్త ఆలస్యంగా వచ్చి చూసి పోతుంది. ఆ ఆలస్యాన్ని అద్దం జరిపి తెప్పిస్తాం. 0.15 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే, పోయి వచ్చే దారి 0.3 మిల్లీమీటర్లు పెరిగి ఒక పికోసెకను తేడా వస్తుంది. ఇలా వేల పల్సుల సగటు తీస్తే గ్రాఫు మీద ఒక్క చుక్క వస్తుంది. రసాయన శాస్త్రవేత్త అహ్మద్ జెవైల్‌కు 1999లో నోబెల్ తెచ్చిన పద్ధతి ఇదే.

అపోహ: లేజర్ పవర్ పెంచితే సిగ్నల్ బాగా వస్తుంది.

ఇది నేనే నమ్మి మూడు రోజులు పోగొట్టుకున్నా. ఒక మిల్లీజౌల్‌ను వంద ఫెమ్టోసెకన్లలోకి కుదిస్తే ఆ క్షణానికి అది వెయ్యి కోట్ల వాట్లు. సెకనుకు అలాంటివి వెయ్యి వచ్చినా సగటు మాత్రం ఒక్క వాటే. పవర్ పెంచగానే 720 నానోమీటర్ల దగ్గర అందమైన కొత్త సిగ్నల్ కనబడింది. చర్య మధ్యలో పుట్టి మాయమయ్యే కొత్త మధ్యస్థ పదార్థం దొరికిందని ఎగిరి గంతేశా. పవర్ సగం చేసి చూద్దునా, సిగ్నల్ సగం కాలేదు, నాలుగో వంతుకు పడిపోయింది. అంటే ఒక్కోసారి రెండేసి ఫోటాన్లు (కాంతి రేణువులు) కలిసి నీటినే చీల్చి ఎలక్ట్రాన్ ఊడగొడుతున్నాయన్నమాట. నేను చూసింది నీళ్లలో చిక్కుకున్న ఆ ఎలక్ట్రాన్లను. అప్పటి నుంచి ఏ సాంపిల్ పెట్టే ముందైనా ఫ్లో సెల్‌లో (సాంపిల్ పారే గాజు గొట్టంలో) ఉత్తి నీళ్లు ఒకసారి నడుపుతాను.