‘పుస్తకం’ ఎందుకు ‘పుసతకం’ అవుతుంది?

రెండో తరగతి చదివే పిల్లవాడు ‘పుస్తకం’ అన్న మాటను ‘పుసతకం’ అని చదివితే, పక్కన కూర్చున్న పెద్దవాళ్ళ నోట సాధారణంగా వచ్చే మాట ‘సరిగ్గా చూసి చదువు’ అన్నదే. నిజానికి వాడు చూసే చదివాడు. స కనిపించింది, దాని కింద త కనిపించింది, రెండింటినీ వరసగా పలికాడు. కింద మరో హల్లు చేరినప్పుడు పై హల్లులోని అకారం పోతుందన్న సంగతి మాత్రం వాడికి ఇంకా వంటబట్టలేదు. చదవమంటే మొరాయించే పిల్లల విషయంలో ముందుగా వెతకవలసినవి ఇటువంటి చోట్లే. బద్ధకమనీ, పొగరనీ, ఫోను పిచ్చి అనీ మనం తలా ఒక పేరు పెట్టే మొరాయింపు వెనక, చాలాసార్లు, లిపిలోని ఏదో ఒక మలుపు దగ్గర ఆగిపోయిన చదువు ఉంటుంది.

ఆగిపోయిన చదువు అయిష్టంగా ఎందుకు మారుతుందో వివరించే సిద్ధాంతం ఒకటి 1974లో అమెరికాలో వచ్చింది. డేవిడ్ లాబెర్జ్, జే శామ్యూల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పినది ఇది: మనిషి ధ్యాసకు ఒక పరిమితి ఉంది, అక్షరాలను గుర్తుపట్టడానికే ఆ ధ్యాసంతా ఖర్చయిపోతే, చదివినదాని అర్థం పట్టుకోవడానికి ఏమీ మిగలదు. కథ చివరికి వచ్చేసరికి మొదట్లో ఏం జరిగిందో గుర్తులేని పిల్లవాడికి ఆ కథలో రుచి ఎక్కడ నుంచి వస్తుంది? పెద్దవాళ్ళు చదివి వినిపిస్తే అదే కథను నోరు తెరుచుకుని వింటాడు. ఈ తేడాను గమనిస్తే చాలు, అయిష్టం కథ మీదా, అక్షరాల మీదా అన్నది తేలిపోతుంది.

ఇది ఏదో కొన్ని ఇళ్ళ సమస్య అనుకోవడానికి వీల్లేదు. పిల్లల చదువు ఏ స్థాయిలో ఉందో కొలిచేందుకు గ్రామీణ భారతంలో జరిపిన 2024 నాటి ‘అసర్’ సర్వేలో, మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు సుమారు 27 శాతమే.

మాట్లాడడానికి మెదడులో పుట్టుకతోనే ఏర్పాట్లు ఉన్నాయి గానీ చదవడానికి లేవు. రాత పుట్టి అయిదు వేల ఏళ్ళు దాటింది. మెదడులో దాని కోసం ప్రత్యేకమైన భాగం పరిణామ క్రమంలో ఏర్పడడానికి ఆ కాలం ఏ మూలకూ చాలదు. ఫ్రాన్స్‌కు చెందిన నాడీశాస్త్రవేత్త స్తానిస్లాస్ దహేన్ వాదన ప్రకారం, వస్తువులనూ ముఖాలనూ గుర్తుపట్టే దృశ్య ప్రాంతంలోనే కొంత భాగం, ఎడమవైపు వెనక అడుగుభాగాన, సాధన వల్ల అక్షరాలకు అలవాటు పడుతుంది. అక్కడి నుంచి ధ్వనులతో, అర్థాలతో దారులు ఏర్పడాలి. ఈ దారులు వేసుకోవడానికి ఒక్కో పిల్లకు ఒక్కో వ్యవధి పడుతుంది, కాబట్టి పక్కింటి పిల్లతో పోలిక పెట్టడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

ఇక మన లిపి సంగతి. తెలుగు రాసినట్టే చదవవచ్చునని మనం గర్వంగా చెప్పుకుంటాం. అది నిజమే గానీ, ఆ ‘రాసినట్టు’ అన్నదాంట్లో ఎంత బరువు ఉందో పిల్లలకే తెలుస్తుంది. ఇంగ్లీషు నేర్చుకునే పిల్ల గుర్తుపట్టవలసినవి 26 అక్షరాలు, వాటి పెద్ద, చిన్న రూపాలు. తెలుగులో యాభై పైచిలుకు అక్షరాలకు గుణింతాలు చేరితే రూపాలు కొన్ని వందలవుతాయి. ఒత్తులు చేరితే ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారో పరిశీలించిన సోనాలీ నాగ్, అక్షర రూపాల మీద పూర్తి పట్టు రావడానికి నాలుగో తరగతి దాకా పట్టవచ్చునని 2007లో ప్రచురించిన వ్యాసంలో చూపించారు. ఒకటో తరగతి ముగిసేసరికి అక్షరాలన్నీ అయిపోవాలని తొందరపడే ఇంటివాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవడం మంచిది.

మలుపులు ఎక్కడెక్కడ ఉన్నాయో కొంచెం దగ్గరగా చూద్దాం. ‘ఆస్తి’ అన్న మాటలో గుడి స మీద ఉంటుంది, త దాని కింద ఉంటుంది. నోటితో పలికేటప్పుడు మాత్రం ఇకారం త తరవాత వస్తుంది. పైనుంచి కిందికి చూసి చదివే పిల్ల ‘ఆసిత’ అంటే అందులో ఆమె తర్కానికి లోపమేమీ లేదు. ర ఒత్తు అక్షరానికి ఎడమ పక్కనుంచి మొదలవుతుంది, పలకడం మాత్రం తరవాత పలుకుతాం. కు, తు, ము అన్నప్పుడు కుడిపక్కన నిలబడే కొమ్ము, పు, వు అనేసరికి అడుగునుంచి మొదలవుతుంది. అలా కాకుండా మామూలుగానే తగిలిస్తే ‘వు’కూ ‘మ’కూ తేడా పోతుంది. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన మూల అక్షరంలాగానే ఉంటాయి గానీ త, న, మ, య, ర, ల ఒత్తులకు తమ అక్షరంతో పోలికే కనిపించదు. విచిత్రమేమిటంటే, ఇంట్లో పిల్లలు ముందుగా రాయాలనుకునే అమ్మ, అన్న, అత్త, పిల్లి అన్న మాటలన్నింటిలోనూ ఈ పోలిక లేని ఒత్తులే ఉన్నాయి. ‘అమ్మ అని రాయడం కూడా రాదా’ అని విసుక్కునే ముందు ఆ మ ఒత్తు ఆకారాన్ని ఒకసారి కొత్త కళ్ళతో చూడాలి.

మరో చిక్కు చెవికి సంబంధించినది. మన పిల్లలు మాటను ‘పు’, ‘త’ వంటి గుణింతాక్షరాలుగా సులభంగానే విడగొడతారు గానీ, హల్లును అచ్చు నుంచి విడదీసి వినడం వాళ్ళకు ఆలస్యంగా అబ్బుతుంది. కన్నడ పిల్లల్లోనూ ఇదే కనిపించింది. ఒత్తులు అర్థం కావాలంటే మాత్రం ఆ విడదీత తప్పదు. రష్యాకు చెందిన మనస్తత్వవేత్త ఎల్కోనిన్ దీనికొక ఉపాయం చెప్పాడు: మాటను నెమ్మదిగా పలుకుతూ, ఒక్కో ధ్వనికి ఒక్కో బిళ్ళను గడిలోకి జరపడం. మనకు చింతగింజలు సరిపోతాయి. అచ్చు కలిసిన అక్షరాన్ని విడగొట్టకుండా ‘పు’కు ఒకటి, ‘స్’కు ఒకటి, ‘త’కు ఒకటి, ‘కం’కు ఒకటి. రెండో గింజ దగ్గర నోరు తెరవకుండా పాము బుసలాగా ‘స్స్’ అనిపించి, ఆ గింజను త గింజ మీదికి జరిపిస్తే, అకారం లేని స అంటే ఏమిటో పిల్లవాడికి చెవితోనే తెలుస్తుంది. ఆ తరవాతే కాగితం మీద ‘స్త’ను చూపించాలి. ‘బస్తా’, ‘ఆస్తి’, ‘నేస్తం’ వంటి మాటలతో కొద్ది రోజులపాటు ఇదే ఆట ఆడిస్తే, ‘పుసతకం’ చెప్పకుండానే సర్దుకుంటుంది.

ఇంట్లో నేర్పేవారికి బడిలో లేని సౌకర్యం ఒకటుంది: ఒక్క పిల్లవాడి తప్పులనే ఓపికగా వినవచ్చు. చదివేటప్పుడు వెంటవెంటనే దిద్దకుండా, ఎక్కడ తడబడ్డాడో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే, వారం తిరిగేసరికి తప్పులు గుంపులుగా కనిపిస్తాయి. ఒకరికి దీర్ఘాలు జారిపోతాయి, మరొకరికి ఎత్వ ఏత్వాల తేడా తెలియదు, ఇంకొకరు మొదటి అక్షరం చూసి మిగతాది బొమ్మను బట్టి ఊహిస్తారు. ఈ ఊహించే అలవాటును తెలివితేటలని మురిసిపోవడం ప్రమాదం; బొమ్మలు తగ్గే మూడో తరగతిలో అది బయటపడుతుంది. ఏ గుంపు పెద్దదైతే దానికే పని పెట్టాలి, మిగిలినవి ఆగుతాయి. పాఠం పది పదిహేను నిమిషాలు మించనక్కరలేదు, కానీ రోజూ జరగాలి. ఆదివారం నాడు రెండు గంటలు కూర్చోబెట్టడం కన్నా రోజుకు కాస్త చొప్పున నేర్చుకున్నది ఎక్కువ కాలం నిలుస్తుందని 1885లో హెర్మన్ ఎబింగ్‌హాస్ జ్ఞాపకశక్తి మీద చేసిన ప్రయోగాలతో మొదలుకొని ఎన్నో పరిశోధనలు తేల్చాయి. ఒకే చిన్న పేరాను మూడు నాలుగు సార్లు చదివించడం కూడా మంచి పద్ధతి. పైన చెప్పిన శామ్యూల్స్ 1979లో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మొదటిసారి కూడబలుక్కున్న వాక్యం నాలుగోసారి గడగడా వచ్చినప్పుడు, తాను చదవగలనన్న సంగతి ఆ పిల్లవాడికి మొదటిసారి అనుభవంలోకి వస్తుంది.

రాత విషయంలో మన ఇళ్ళలో దిద్దడానికి ఉన్న గౌరవం గురించి ఒక మాట చెప్పాలి. పలక మీద రాసిచ్చిన అక్షరం మీదే మళ్ళీ మళ్ళీ దిద్దించడం మొదటి వారాల్లో చేతికి అలవాటు కోసం పనికొస్తుంది. అంతకు మించి దాన్ని సాగదీయడం నాకు దండగ పనిగానే కనిపిస్తుంది. కరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ 2012లో ప్రచురించిన ప్రయోగంలో, ఇంకా చదవడం రాని అయిదేళ్ళ పిల్లలతో కొన్ని ఇంగ్లీషు అక్షరాలను చేత్తో రాయించారు, కొన్నింటిని దిద్దించారు, కొన్నింటిని కీబోర్డు మీద కొట్టించారు. తరవాత ఆ అక్షరాలను చూపిస్తూ మెదడు చిత్రాలు తీస్తే, చదవడానికి తోడ్పడే ప్రాంతాలు చేత్తో స్వయంగా రాసిన అక్షరాలకే చురుగ్గా స్పందించాయి. పిల్లలు సొంతంగా రాసిన అక్షరం ప్రతిసారీ కొంచెం వంకరగా, కొంచెం వేరుగా వస్తుంది. అన్ని వంకరలనూ ఒకే అక్షరంగా గుర్తించడమే అసలు నేర్పు అని వారి వివరణ. కాబట్టి చూసి రాయించడం, ఆ తరవాత మూసేసి రాయించడం త్వరగా మొదలుపెట్టాలి.

చదవడం వచ్చిన పిల్లకు రాయడం దానంతట అదే వస్తుందనుకోవడం మరో పొరపాటు. చదివేటప్పుడు ‘భోజనం’ కళ్ళ ముందే ఉంటుంది, గుర్తుపడితే చాలు. రాసేటప్పుడు చెవికి వినబడేది చాలా ఇళ్ళలో ‘బోజనం’ మాత్రమే. మాట్లాడే తెలుగులో భ, థ, ధ వంటి మహాప్రాణాలను ఒత్తి పలికేవారు తక్కువ, శ, ష, స అన్నవాటి మధ్య తేడా పాటించేవారూ తక్కువే. పెద్దవాళ్ళలోనే ‘కథ’ను ‘కధ’ అని రాసేవారు ఎందరో ఉన్నారు. సున్న సంగతి కూడా ఇలాంటిదే. అంగడి, అంచు, అండ, అందం, అంబ అన్న మాటల్లో సున్న ఒక్కటే అయినా పలుకు అయిదు విధాలు. ‘అన్దం’ అని రాసిన పిల్ల నిజానికి చక్కగా విని రాసింది. ఆమెను మందలించకుండా, ఆ ధ్వనికి మనం సున్న పెడతామని చెబితే సరిపోతుంది.

అందుకే డిక్టేషన్‌కు మాటలను ఎంచుకోవడంలో ఒక వరస ఉండాలి. అచ్చతెలుగు మాటల్లో మహాప్రాణాలు దాదాపు ఉండవు కనుక చెట్టు, గిన్నె, పాలు, ఎద్దు, అరుగు వంటి వాటితో మొదలుపెడితే, విన్నది విన్నట్టు రాస్తే ఒప్పవుతుందన్న నమ్మకం ఏర్పడుతుంది. ద్విత్వాలు కుదిరాక సంయుక్తాక్షరాలు, ఆ తరవాత సంస్కృతం నుంచి వచ్చిన మాటలు. వీటిని విడివిడిగా బట్టీ పట్టించే బదులు కుటుంబాలుగా నేర్పవచ్చు: అర్థం, పదార్థం, విద్యార్థి అన్నింటిలోనూ థ ఒక్కటే, సగం అన్న అర్థంలో అర్ధం, అర్ధరాత్రి మాత్రం ధ. రోజుకు అయిదు మాటలు చాలు, వాటిలో మూడు నిన్నటివో మొన్నటివో అయి ఉండాలి.

బహుమతుల విషయంలో జాగ్రత్త అవసరం. పేజీకి ఒక చాక్లెట్ అన్న ఒప్పందం మొదట్లో బాగానే నడుస్తుంది. 1973లో మార్క్ లెపర్, అతని సహచరులు బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలకు ముందుగానే ధ్రువపత్రం ఇస్తామని ఆశ చూపించి బొమ్మలు వేయించారు. ఆ తరవాత స్వేచ్ఛగా వదిలేసినప్పుడు, ఏ ఆశా చూపించని పిల్లలతో పోలిస్తే వాళ్ళు బొమ్మల మీద గడిపిన సమయం దాదాపు సగానికి పడిపోయింది. అసలే ఇష్టం లేని పనికి ఈ ఫలితం యథాతథంగా వర్తించదు గానీ, ఇష్టం మొలకెత్తుతున్న సమయంలో చాక్లెట్ లెక్క మానేయడం మేలు. దానికి బదులు, తాను చదివిన కథను రాత్రి నాయనమ్మకు చెప్పనివ్వవచ్చు.

విదేశాల్లో పెరిగే తెలుగు పిల్లల చిక్కు వేరు. చదవడమంటే అక్షరాలను విప్పగలగడం, భాష తెలిసి ఉండడం అన్న రెండింటి హెచ్చవేత అని 1986లో ఫిలిప్ గాఫ్, విలియం టన్మర్ సూత్రీకరించారు. రెండింటిలో ఏది సున్నా అయినా లబ్ధం సున్నాయే. డల్లాస్‌లో వారాంతపు తరగతికి వెళ్ళే పిల్ల ‘కొట్టంలో గేదె నెమరు వేస్తోంది’ అన్న వాక్యాన్ని తప్పులేకుండా చదివి కూడా ఒక్క ముక్క అర్థం చేసుకోలేకపోవచ్చు. ఆ పిల్లకు గుణింతాల కన్నా ఇంట్లో తెలుగు మాటలు ఎక్కువగా వినబడాలి. ఇక్కడ తెలుగు వింటూ పెరిగి ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లకు సాధారణంగా కావలసినది దీనికి తలకిందులు.

ఇంత చేసినా నెలల తరబడి కదలిక లేకపోతే, ముందు కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించి, ఆ తరవాత డిస్లెక్సియా, అంటే తెలివికి లోటు లేకపోయినా చదవడం, రాయడం పట్టుబడని ఇబ్బంది, ఉందేమో పిల్లల మనస్తత్వ నిపుణులకు చూపించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇటువంటి అభ్యసన ఇబ్బందులను గుర్తించింది. చూపించేటప్పుడు తప్పులు రాసుకున్న నోటు పుస్తకాన్ని వెంట తీసుకువెళ్ళడం, తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోనూ చదివించి చూడమని అడగడం మంచిది; ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో మాత్రమే తడబడే పిల్లకూ, రెండు లిపుల్లోనూ ధ్వనుల దగ్గరే ఆగిపోయే పిల్లకూ ఇవ్వవలసిన శిక్షణ ఒకటి కాదు.