రిపోర్టులో నల్లగా పడ్డ అంకె

పిల్లలూ,

తాతయ్య ఆశీస్సులు. ఫోన్లో టైపు చేస్తే నా వేళ్లకి ఒకటి నొక్కితే రెండు పడుతున్నాయి. అందుకే కాగితం మీద రాసి, మా పెద్దాడి చేత ఫొటో తీయించి గ్రూపులో పెట్టిస్తున్నాను.

పోయిన వారం మీలో ఒకరు నాకు రక్తపరీక్ష రిపోర్టు పంపారు. గ్రూపులో కాదు, నాకొక్కడికే. పేరు చెప్పను. తనని అడిగి, సరేనన్నాకే ఇది రాస్తున్నాను. బి12 ఎదురుగా 148, విటమిన్ డి ఎదురుగా 13. రెండూ నల్లగా, లావుగా అచ్చు పడ్డాయి. బి12 కనీసం 200 ఉండాలి, డి 20 దాటాలి. కింద తను రాసిన మాట: "తాతయ్యా, నా డిప్రెషన్‌కి కారణం దొరికింది." మూడు నెలలుగా పొద్దున్నే లేవబుద్ధి కావట్లేదట, తిండి సయించట్లేదట, బాత్రూంలో కుళాయి తిప్పి పెట్టి ఏడుస్తోందట.

పరీక్ష చేయించుకున్నందుకు సంతోషించాను. 'దొరికింది' అన్న మాట దగ్గరే నాకు భయమేసింది. ముప్ఫై నాలుగేళ్లు ల్యాబులో రక్తం చూసి బతికినవాణ్ణి కదా, అంకె చెప్పేదెంతో చెప్పనిదెంతో కొంచెం తెలుసు.

మా రోజుల్లో మా ఊళ్లో బి12 కొలిచే మిషను లేదు. స్లయిడు మీద చుక్క రక్తం పల్చగా పరిచి, లీష్మన్ రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టేవాళ్లం. బి12 గానీ, ఆకుకూరల్లో ఉండే ఫోలేటు అనే ఇంకో బి విటమిన్ గానీ (మాత్రగా ఇచ్చే దాని రూపమే ఫోలిక్ యాసిడ్) తక్కువైతే ఎర్రకణాలు ఉండాల్సినదానికన్నా పెద్దవిగా, కోలగా కనిపిస్తాయి. ఒక రకం తెల్లకణం లోపలి కేంద్రకం మామూలుగా మూడు నాలుగు ముక్కలుగా ఉంటుంది. లోపం ఉన్నవాళ్లలో ఆరు దాకా లెక్కపెట్టేవాణ్ణి, దారానికి గుచ్చిన మల్లెమొగ్గల్లా.

అలాంటి స్లయిడు ఒకటి ఇప్పటికీ కళ్లముందే ఉంది. పౌరోహిత్యం చేసుకునే ఒకాయనది. పాలు, పెరుగు కూడా మానేసిన మనిషి. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలిసేది కాదు, ఇంటికొచ్చి చూసుకుంటే ఒక కాలికే ఉండేది. వచ్చిన మంత్రం మధ్యలో ఆగిపోతోందనీ, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారనీ ఆయన భార్య చెప్పింది. అంతకుముందు ఎవరో రక్తం లేదని నెలల తరబడి ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఒక్కటే ఇచ్చారు. రక్తం కాస్త పెరిగింది, కాళ్లు మాత్రం ఇంకా మొద్దుబారాయి. అదే దాన్లో ఉన్న మోసం. బి12 లేనివాళ్లకి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టే ఉంటుంది, లోపల నరాలు చెడిపోతూనే ఉంటాయి. బి12 సూదులు మొదలుపెట్టిన కొన్ని వారాలకి ఆయన ఏడుపు ఆగింది, మంత్రం మళ్లీ నోటికొచ్చింది. అరికాళ్ల తిమ్మిరి పూర్తిగా పోలేదు.

మనసుకీ ఈ విటమిన్లకీ ఏం సంబంధమంటారా? మన ఒంట్లో హోమోసిస్టీన్ అని ఒకటి తయారవుతుంది. ఫోలేటు దగ్గరున్న చిన్న ముక్కని బి12 అందుకుని దానికి తగిలిస్తే అది మెథియోనిన్ అవుతుంది. మెదడులో కబుర్లు మోసే రసాయనాలకీ, నరాల పైపొరకీ కావలసిన సరుకు అక్కడినుంచే వెళ్తుంది. ఇద్దరిలో ఏ ఒక్కరు పనిలోకి రాకపోయినా హోమోసిస్టీన్ పేరుకుపోతుంది, ఆ సరుకు తగ్గుతుంది.

దీన్ని తన ఒంటిమీదే చూసుకున్న డాక్టరు ఒకాయన ఉన్నాడు. అమెరికాలో విక్టర్ హెర్బర్ట్. 1960ల మొదట్లో ఫోలేటు లేని తిండి తిని ఏమవుతుందో చూద్దామనుకున్నాడు. తినేవన్నీ మూడేసి సార్లు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, దాదాపు నాలుగున్నర నెలలు అదే తిన్నాడు. రక్తహీనత ఆఖర్న వచ్చింది. దానికంటే ముందే నిద్రపట్టకపోవడం, మతిమరుపు, ప్రతిదానికీ చిరాకు. ఫోలిక్ యాసిడ్ వేసుకున్న రెండు రోజుల్లో ఆ చిరాకూ మతిమరుపూ పోయాయి. తోటకూర ఉడికించి నీళ్లు వార్చేస్తుంటే నేను మీ మామ్మతో ఎందుకు గొడవపడతానో ఇప్పుడు తెలిసిందా!

ఆ ఫోలిక్ యాసిడ్‌ని 1945లో ల్యాబులో తయారుచేసిన లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీ బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. పేగులు తిన్నది పట్టించుకోని స్ప్రూ జబ్బుతో ఆయన అన్నదమ్ములిద్దరు పోయారు, ఆయనకీ వచ్చి తగ్గింది. ఆ జబ్బులో పనికొచ్చే మందే చివరికి ఆయన చేతిమీదుగా వచ్చింది.

మరి అంకె తక్కువుంటే అదే కారణం అనుకోవచ్చు కదా అంటారు. విటమిన్ డి సంగతి చూడండి. డిప్రెషన్ ఉన్నవాళ్లలో డి తక్కువగా ఉండటం చాలాచోట్ల కనిపించింది. సరే ఇచ్చి చూద్దామని అమెరికాలో యాభై దాటిన 18,353 మందిని తీసుకుని, సగం మందికి రోజూ 2,000 యూనిట్ల డి, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర ఐదేళ్ల పాటు ఇచ్చారు. 2020లో లెక్క తేలింది. డిప్రెషన్ రావడంలో తేడా ఏమీ లేదు. వాళ్లలో చాలామందికి డి మరీ తక్కువ కాదన్నదీ నిజమే. ఇంకోటి, మనసు బాగోలేనివాడు గది దాటడు, సరిగ్గా తినడు. అప్పుడు రక్తంలో అంకె పడిపోతుంది. ముందు ఏది పడిపోయిందో రిపోర్టు చెప్పదు.

మన పిల్ల విషయంలో ఇంకో లెక్క ఉంది. వాళ్లమ్మ హాస్టల్ తిండిని తిట్టిపోస్తోంది. చేరి ఎనిమిది నెలలే అయింది. బి12 లివర్లో ఏళ్లకి సరిపడా నిల్వ ఉంటుంది, ఎనిమిది నెలల నీళ్ల మజ్జిగకి 148కి దిగదు. అది జంతువుల నుంచి వచ్చే తిండిలోనే ఉంటుంది, మనం గుడ్డు కూడా ముట్టం. కాబట్టి మీరంతా, మీ అమ్మానాన్నలు కూడా ఒకసారి చూపించుకోండి. మామ్మ ముందు. షుగర్‌కి ఏళ్లుగా వాడుతున్న మెట్‌ఫార్మిన్ కూడా బి12ని తగ్గిస్తుంది.

మెడికల్ షాపు వైద్యం మాత్రం వద్దు. మా పక్కింటాయన వారానికొకటి వేసుకోమన్న 60,000 యూనిట్ల డి పొడి ప్యాకెట్‌ని రోజుకొకటి చొప్పున నెలపైన తాగి, వాంతులతో ఆస్పత్రిలో పడ్డాడు. రక్తంలో కాల్షియం ఎక్కేసింది.

తనకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. బి12 సూది వేయించుకో, మంచిదే. ఏడుపు సంగతి కూడా మానసిక వైద్యులకి చూపించుకో, సూదులు అయ్యేదాకా ఆగకు. రెండూ ఒకేసారి నడవొచ్చు. ఏ అర్ధరాత్రో బతకాలనిపించకపోతే మాలో ఎవరికైనా ఫోన్ చెయ్యి. మాకు చెప్పలేకపోతే 14416కి చెయ్యి. టెలి మానస్ అంటారు, డబ్బులు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగ్గంటలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

నిన్న రాత్రి తనే ఫోన్ చేసింది. రెండు సూదులయ్యాయట, గురువారం డాక్టరమ్మ దగ్గర అపాయింట్‌మెంట్. మామ్మ తోడు వెళ్తానని టికెట్ తీయించుకుంది. పన్లో పని తన రక్తం కూడా అక్కడే ఇచ్చేస్తుందట. పరగడుపునే ఇవ్వాలేమో అని ఇవాళ మంగళవారమే కాఫీ మానేసి కూర్చుంది.

మీ
తాతయ్య